రెండు రూపాయలు ఎక్కడికి పోయాయి? జాంగో 1.11 నుంచి 4.2 దాకా నా అనుభవం

తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక లాడ్జి. మూడంతస్తులు, కింద కౌంటరు, కౌంటరు వెనక గోడకి పద్మావతీ శ్రీనివాసుల పటం, పటం కింద ఒక కంప్యూటరు. ఆ కంప్యూటర్లో నడిచే బుకింగ్ సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసేది నేను. రాసింది మాత్రం నేను కాదు. ఎవరో కుర్రాడు 2016లో రాశాడట, మరుసటేడు జాంగో (పైథాన్ భాషలో వెబ్ సాఫ్ట్‌వేర్ కట్టుకోవడానికి వాడే ఫ్రేమ్‌వర్కు) 1.11 వెర్షన్‌కి మార్చాడట, బెంగుళూరులో ఉద్యోగం రాగానే వెళ్ళిపోయాడట. నా చేతికొచ్చేసరికి అది నడుస్తూ ఉంది. నడుస్తున్నదాన్ని ఎవరు కదిలిస్తారు? నేనూ కదిలించలేదు. ఇక్కడో కాలమ్ కలపడం, అక్కడో రిపోర్టు తీసివ్వడం, నెలకింత అని తీసుకోవడం, అంతే.

2023 మే నెలలో, గంగమ్మ జాతర అయిన వారానికి, ఓనరు పిలిచి ఆన్‌లైన్లో అడ్వాన్సు కట్టే ఏర్పాటు పెట్టమన్నాడు. రెండ్రోజుల పని అనుకుని ఒప్పుకున్నాను. డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే లైబ్రరీ దించి చూస్తే దానికి పైథాన్ 3 కావాలి. మాది 2.7. అప్పుడు కూర్చుని మొదటిసారి లెక్క రాసుకున్నాను. పైథాన్ 2.7కి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. జాంగో 1.11కి అదే ఏడు ఏప్రిల్లో. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.5కి 2021 ఫిబ్రవరిలో. సర్వర్ని నడిపే ఉబుంటు 16.04కి 2021 ఏప్రిల్లో. మంచానికి నాలుగు కాళ్ళూ పుచ్చిపోయి ఉన్నాయి, దాని మీద నేను నిశ్చింతగా పడుకుని నిద్రపోతున్నాను.

అప్పటికి జాంగో 4.2 వచ్చి నెలన్నర. దీర్ఘకాలం మద్దతుండే వెర్షన్ (ఎల్‌టీఎస్ అంటారు), 2026 ఏప్రిల్ దాకా దిగుల్లేదు. అక్కడికి చేరాలనుకున్నాను. ఓనరు ఒక్కటే షరతు పెట్టాడు. "బ్రహ్మోత్సవాలకి ముందరే అయిపోవాల. లేకుంటే అయినాక చూద్దాం. మధ్యలో మాత్రం దాని జోలికి పోవద్దు." ఆ ఏడు అధిక శ్రావణం. అంటే బ్రహ్మోత్సవాలు రెండుసార్లు, సెప్టెంబర్లో ఒకసారి, అక్టోబర్లో ఒకసారి. ఆగస్టు దాటితే ఇక నవంబరే.

మొదట చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఒక రాత్రి కోడ్‌కి కొత్త బ్రాంచ్ (విడి నకలు) తీసి, ఏ లైబ్రరీలు కావాలో రాసే రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో 1.11 కొట్టేసి 4.2 అని రాసి, పైథాన్ 3.10 మీద ఇన్‌స్టాల్ కొట్టాను. ఎర్రర్ వచ్చింది. సరిచేశాను. ఇంకోటి వచ్చింది. అదీ సరిచేశాను. దిగుమతి లైన్లు, యూఆర్‌ఎల్ ఫైళ్ళు, మోడళ్ళు, టెంప్లేట్లు, ఏదీ మిగల్లేదు. మూడు రోజుల తరువాత సర్వర్ లేచింది, హోమ్ పేజీ కూడా వచ్చింది. గది బుక్ చేస్తే తెల్ల పేజీ. ఆ తెల్ల పేజీ పైథాన్ మారినందుకా, జాంగో మారినందుకా, పక్కనున్న ఏదో లైబ్రరీ మారినందుకా, మూడు రోజుల్లో నేను చెరిపిన రెండొందల లైన్లలో ఏదో ఒకటి తప్పినందుకా? చెప్పే దారి లేదు. అన్నీ ఒకేసారి మార్చానుగా. బ్రాంచ్ మొత్తం తీసి పారేశాను.

రెండోసారి కోడ్ తెరవలేదు. ఒక ఏ4 కాగితం తీసుకుని, జాంగో విడుదల నోట్సు చూసుకుంటూ ఏ వెర్షన్ ఏ పైథాన్ మీద నడుస్తుందో రాశాను. 1.11 అటు 2.7 మీదా నడుస్తుంది, ఇటు 3.6 మీదా నడుస్తుంది. 2.0 నుంచి పైథాన్ 2 అసలు లేదు. 2.2కి 3.5 నుంచి 3.9 దాకా పనికొస్తుంది. 3.2కి 3.6 నుంచి 3.10 దాకా. 4.2కి కనీసం 3.8 ఉండాలి. ఆ కాగితం మీద ఒకదానిమీదొకటి పడే గీతలు గీస్తే దారి దానంతటదే కనబడింది. 1.11లో నిలబడి పైథాన్‌ని 2.7 నుంచి 3.6కి మార్చాలి, అప్పుడు జాంగోని కదిలించకూడదు. తరువాత పైథాన్‌ని కదిలించకుండా 2.0, 2.1, 2.2. అక్కడ ఆగి పైథాన్ 3.8. మళ్ళీ 3.0, 3.1, 3.2. అక్కడ ఆగి పైథాన్ 3.10. ఆ తరువాత 4.0, 4.1, 4.2. ఒక అడుగులో ఒక్కటే మారాలి. ఏదైనా విరిగితే ఎవరు విరగ్గొట్టారో వెతుక్కోనక్కర్లేదు.

మధ్యలో వెర్షన్లన్నీ ఎందుకు, ఎల్‌టీఎస్ నుంచి ఎల్‌టీఎస్‌కి దూకరాదా అంటారు. దూకినవాళ్ళున్నారు. నేను దూకకపోవడానికి కారణం హెచ్చరికలు. జాంగోలో ఏదీ ఉన్నట్టుండి మాయం కాదు. తీసేసే ముందు రెండు వెర్షన్ల పాటు "ఇది పోబోతోంది, దీని బదులు అది వాడు" అని చెబుతుంది. పైథాన్ మామూలుగా ఆ మాటలు మనదాకా రానివ్వదు, హెచ్చరికలన్నీ చూపించు అని అడిగి టెస్టులు (మన కోడ్ సరిగా పనిచేస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రాములు) నడపాలి. ఒక్కో మెట్టు దగ్గర ఆ జాబితా ఖాళీ చేసుకుంటూ పోతే పై మెట్టు మీద పెద్దగా ఏమీ విరగదు. దూకితే ఆ మాటలు చెప్పే వెర్షన్లే దాటేస్తాం, తీసేశాక వచ్చే ఎర్రర్లు మాత్రమే మిగులుతాయి.

లాడ్జి మేనేజరు గారు అరవై దాటిన మనిషి. కంప్యూటరు ఉన్నా పక్కన నోటు పుస్తకం మానలేదు, ప్రతి బిల్లూ అందులో చేత్తో ఎక్కిస్తాడు. నా కాగితం చూసి నవ్వాడు. "ఏంది నాయనా, కొండకి బస్సు ఉంటే నడిచిపోతా అంటాండావే? మొక్కుందా?"

"మొక్కు లేదు సార్. బస్సు లేదు."

టెస్టులు ఒక్కటీ లేవు. వారం కూర్చుని అరవై దాకా రాశాను. బుకింగ్, క్యాన్సిల్, గది మార్పు, అదనపు పరుపు, చెక్ అవుట్. ఇది బోరు పని, దీని గురించి చెప్పడానికేం లేదు. చేయకపోతే మాత్రం మిగిలింది మొదలుపెట్టనక్కర్లేదు.

పైథాన్ 3 మీదికి మారేటప్పుడు పైకి అరిచే తప్పులు తేలిక. ప్రింట్‌కి బ్రాకెట్లు, డిక్షనరీల పాత పద్ధతులు, యూనికోడ్ మెథడ్ల పేర్లు, ఇలాంటివి చాలామటుకు 'టూ టు త్రీ' అనే పనిముట్టే మార్చేసింది. భాగహారం కొంచెం కష్టపెట్టింది. పైథాన్ 2లో 36 గంటల్ని 24తో భాగిస్తే 1 వస్తుంది, 3లో 1.5 వస్తుంది. బస చేసిన రోజులు లెక్కపెట్టే చోట ఒకటిన్నర రోజు బిల్లు వేసింది. టెస్టు పట్టుకుంది, సరిచేశాను.

నాకు బాగా గుర్తుండిపోయింది వెంకటేశ్వర్లు సంగతి. రోజూ రాత్రి బసచేసినవాళ్ళ జాబితా ఒక టెక్స్ట్ ఫైలుగా తయారవుతుంది. పేరుకి ఇరవై స్థానాలు. పేరు తెలుగులో కొడితే ఆ ఫైల్లో చివర తెగిపోయి, పక్కన నల్ల డైమండులో ప్రశ్నార్థకం పడేది. ఏడేళ్ళుగా అంతే. మేనేజరు గారు దాన్ని ప్రింటరు జబ్బు అనుకునేవాడు. తిరుపతి లాడ్జిలో వెంకటేశ్వర్లు పేరున్నవాళ్ళకి కరువేముంది, జాబితా నిండా "వెంకటే" అని, పక్కన డైమండు. పైథాన్ 3కి మార్చి ఆ ఫైలు తీస్తే ఈసారి వెంకటే కూడా లేదు. ఇంగ్లీషు 'బి' అక్షరం, ఒక కొటేషను, ఆ తరువాత వెనక్కి వాలిన గీతలూ ఎక్స్‌లూ అంకెలూ. మూడేసి గుంపులుగా ఉన్నాయి, ప్రతి గుంపు మొదట్లోనూ ఈ-సున్నా.

అదేమిటో అర్థమయ్యాక నవ్వొచ్చింది. పాత కోడ్ పేరుని యూటీఎఫ్-8 (అక్షరాల్ని కంప్యూటరు దాచుకునే పద్ధతి) బైట్లుగా మార్చి, అందులో మొదటి ఇరవై బైట్లు కోసేది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. వ, ఎత్వం, సున్నా, క, ట, ఏత్వం, ఇవి ఆరు. ఆరు మూళ్ళు పద్దెనిమిది. మిగిలిన రెండు బైట్లు 'శ'లో మూడింట రెండొంతులు. సగం కోసిన అక్షరం ఎవరికి అర్థమవుతుంది, అదే ఆ డైమండు. పైథాన్ 2కి బైట్లూ అక్షరాలూ ఒకటే అన్నట్టు నడిచిపోయేది కాబట్టి కోసిన ముక్కనే రాసేసేది. పైథాన్ 3 రెంటినీ వేరుగా చూస్తుంది. బైట్లని వాక్యంలో పెట్టమంటే అవి బైట్లని చెప్పి మరీ పెడుతుంది. బైట్లుగా మార్చే ఆ ముక్క తీసేశాను. ఇప్పుడు ఇరవై అంటే ఇరవై గుర్తులు. వెంకటేశ్వర్లుకి పదమూడే కావాలి. మొదటిసారి పేరు పూర్తిగా పడ్డ జాబితా తీసి చూపిస్తే మేనేజరు గారు కళ్ళజోడు సర్దుకుని, "ప్రింటరు మార్చినావా?" అన్నాడు.

జాంగో 2.0 దగ్గర వారం ఆగాను. ఎర్రర్ల వల్ల కాదు, ఒక ప్రశ్న వల్ల. అంతకు ముందు ఒక పట్టికని ఇంకో పట్టికకి ఫారిన్ కీతో ముడివేస్తే, అసలుది తీసేసినప్పుడు దానికి ముడిపడినవి ఏమవ్వాలో చెప్పక్కర్లేదు. చెప్పకపోతే అవీ పోతాయి. 2.0 నుంచి అది చెప్పి తీరాలి. ముప్పై ఏడు చోట్ల చెప్పాలి. పాత ప్రవర్తనే కావాలంటే ముప్పై ఏడు చోట్లా 'క్యాస్కేడ్' అని అతికించి పది నిమిషాల్లో లేవొచ్చు. అతికించబోతూ ఎందుకో మేనేజరు గారిని అడిగాను, "సార్, ఎప్పుడైనా పాత బిల్లులు మాయమైనాయా?"

ఆయన నోటు పుస్తకం తెరవకుండానే చెప్పాడు. "2019లో. 108 గది పేరు డీలక్స్ అని మార్చాలని, ఆ పాత కుర్రోడు దాన్ని తీసేసి కొత్తగా ఎక్కించినాడు. ఆ గది బిల్లులన్నీ పోయినాయి. ఆడిటరు దగ్గిర నేను పడిన తిప్పలు ఆ సామికే తెలుసు. ఈ పుస్తకం ఉంది కాబట్టి బతికినా."

తీసేసే ముందు జాంగో అడ్మిన్ ఇవన్నీ కూడా పోతాయి, సరేనా అని పొడవాటి జాబితా చూపించి అడుగుతుంది. సరే అని నొక్కి ఉంటాడు, మనమూ చదవకుండానే నొక్కుతాం. బిల్లులూ రసీదులూ ముడిపడిన ప్రతిచోటా 'ప్రొటెక్ట్' పెట్టాను. బిల్లు ఉన్నంతకాలం గది తీసేయనివ్వదు. మిగతా చోట్ల ఒక్కోటీ ఆయన్ని అడిగి రాశాను. అప్‌గ్రేడ్ పేరుతో చేసిన పనుల్లో నాకు నచ్చిన వారం అదే.

2.2 దగ్గర పైథాన్ 3.8కి మార్చి, కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టి టెస్టులు నడిపితే ఒక్కటీ పాస్ కాలేదు. డేటాబేస్ కనెక్షన్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) లేదని ఫిర్యాదు. సమయం సంగతి అనుకుని సెట్టింగుల్లో టైమ్ జోన్ మార్చాను. పోస్ట్‌గ్రెస్‌లో మార్చాను. ల్యాప్‌టాప్‌లో కూడా మార్చాను. లీలామహల్ సర్కిల్లో దోసె తినేటప్పుడు కూడా అదే ధ్యాస. సాయంత్రానికి తెలిసింది, దీనికీ సమయానికీ సంబంధమే లేదు. పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సైకోపీజీ2 లైబ్రరీలో 2.9 వెర్షన్ వచ్చింది, అది జాంగో 2.2కి సరిపడదు. 2.9 కన్నా తక్కువది కావాలి. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో వెర్షన్ రాయలేదు కాబట్టి, లైబ్రరీలు దించే పిప్ అన్నిటికన్నా కొత్తది తెచ్చిపెట్టింది. అప్పటిదాకా నా బుర్రలో వెర్షన్ తగాదా అంటే పాత లైబ్రరీ కొత్త ఫ్రేమ్‌వర్కుకి సరిపోకపోవడం. కొత్త లైబ్రరీ పాత ఫ్రేమ్‌వర్కుకి సరిపోకపోవడమూ అంతే నిజమని ఆ దోసె రోజున తెలిసింది.

తెలిసి కూడా నేను ఆ ఒక్క లైనుకే వెర్షన్ రాసి ఊరుకున్నాను. దాని ఫలితం జులైలో.

3.0 నుంచి 3.2 దాకా పెద్ద కథ లేదు. టెంప్లేట్లలో స్టాటిక్ ఫైళ్ళు లోడ్ చేసే పాత పేరు పోయింది, పైథాన్ 2 కోసం పెట్టిన ఊతకర్రలు పోయాయి, పట్టికలో ఒక్కో వరసనీ గుర్తుపట్టే ప్రాథమిక కీ ఏ రకమో చెప్పమని 3.2 హెచ్చరించింది, పాతదే ఉంచమని ఒక లైను రాశాను. టెంప్లేట్లు తిరగేస్తుంటే ఇంకోటి దొరికింది. బిల్లు మీద లాడ్జి చిరునామా తొమ్మిది చోట్ల చేత్తో రాసి ఉంది, తొమ్మిదింట్లోనూ చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది తిరుపతి జిల్లా. ఏడాదికి పైగా పాత జిల్లా పేరుతో బిల్లులు ఇస్తూనే ఉన్నాం, అడిగినవాడు లేడు. ఫ్రేమ్‌వర్కుకి జిల్లాలు తెలియవు కాబట్టి అదీ హెచ్చరించలేదు.

4.0లో తీసేసినవి చాలా ఉన్నాయి. యూఆర్‌ఎల్‌లు రాసే పాత పద్ధతి, అనువాదానికి వాడే పాత పేర్లు, అభ్యర్థన ఎజాక్స్‌దా (పేజీ మొత్తం మళ్ళీ తెరవకుండా వచ్చిందా) కాదా అని అడిగే మెథడు. హెచ్చరికలు ముందే ఖాళీ చేసి ఉన్నందువల్ల 3.2 నుంచి 4.0కి మారింది ఒక మధ్యాహ్నంలో. అదే మేలో ఒకేసారి దూకినప్పుడు నన్ను మూడు రోజులు తిప్పింది ఇదే.

జులైలో కొత్త సర్వర్ తీసుకున్నాం. ఉబుంటు 22.04, దాంతో పైథాన్ 3.10, పోస్ట్‌గ్రెస్ 14. జాంగో 4.2కి పోస్ట్‌గ్రెస్ కనీసం 12 కావాలి, కాబట్టి పాత 9.5ని ఎలాగూ వదలాలి. డంప్ (డేటా మొత్తానికి నకలు) తీసి కొత్తదాంట్లో ఎక్కించాను, ఏ పేచీ లేదు. ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. సర్వర్లో వచ్చినవాళ్ళ ఆధార్ ఫొటో ఎక్కిస్తే పడిపోయింది. అదే కోడ్, అదే జాంగో, అదే పైథాన్. తేడా పిల్లో. ఫొటో చిన్నది చేయడానికి వాడే లైబ్రరీ అది. జూన్‌లో ల్యాప్‌టాప్‌లో దిగింది 9.5. జులై 1న 10.0 విడుదలైంది, సర్వర్లో దిగింది అది. అందులో యాంటీఎలియాస్ అనే పాత పేరు తీసేశారు, లాంక్జోస్ అని రాయాలి. సరిచేయడానికి ఒక్క పదం. దాన్ని కనిపెట్టడానికి మాత్రం, ఫైల్లో వెర్షన్ లేకుండా ఊరికే పేరు రాసి ఉంచినందుకు, ఒక రాత్రి. ఆ రాత్రే ప్రతి లైబ్రరీకీ, ఆ లైబ్రరీ లాక్కొచ్చే లైబ్రరీలకీ కూడా వెర్షన్ అంకె పూర్తిగా రాసి బిగించాను.

ఆగస్టు మొదట్లో పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపాం. రాత్రి పాతదాంట్లో వేసిన బిల్లులు పొద్దున కొత్తదాంట్లో నేను మళ్ళీ వేసి, రెండూ ప్రింటు తీసి మేనేజరు గారి ముందు పెట్టేవాణ్ణి. మూడోరోజు ఆయన ఒక బిల్లు మీద వేలు పెట్టి ఉంచాడు.

"రెండు రూపాయలు యాడికి పోయినాయి?"

గది వెయ్యి, అదనపు పరుపు 75. మొత్తం 1,075. అప్పట్లో జీఎస్టీ 12 శాతం, కేంద్రానికి ఆరు, రాష్ట్రానికి ఆరు. పాత బిల్లులో 65, 65, మొత్తం 1,205. కొత్త బిల్లులో 64, 64, మొత్తం 1,203.

"రెండు రూపాయలే కదా సార్" అనబోయి ఆగాను. ఇంకో బిల్లు తీశాను. ఏసీ గది 1,150, పరుపు 75, మొత్తం 1,225. పాతదాంట్లో 74, 74. కొత్తదాంట్లో కూడా 74, 74. ఒకటి సరిపోయింది, ఇంకోటి సరిపోలేదు. సూత్రం ఒకటే. కోడ్ నేను ముట్టుకోనే లేదు.

ఆయన ఎదురుగా కూర్చుని కాగితం మీద వేశాను. 1,075కి ఆరు శాతం 64.5. 1,225కి ఆరు శాతం 73.5. రెండూ అర మీద ఉన్నాయి. పైథాన్ 2లో రౌండ్ చేయమంటే మనం బళ్ళో నేర్చుకున్నట్టు అరని పైకి తోస్తుంది, 65, 74. పైథాన్ 3లో సరిగ్గా అర వస్తే దగ్గరున్న సరి సంఖ్యకి పోతుంది. 64.5కి దగ్గరి సరి సంఖ్య 64. 73.5కి 74. అందుకే ఒకటి తప్పి ఒకటి సరిపోయింది. పెద్ద లెక్కల్లో ఎప్పుడూ పైకే తోస్తే మొత్తం పెరిగిపోతుందని అలా పెట్టారు, దాన్ని తప్పనలేం. మా బిల్లుకి మాత్రం తప్పే. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, విడుదల నోట్సులో ఒక పక్కన రాసి ఉంటుంది. నా అరవై టెస్టుల్లో ఒక్కదాంట్లోనూ అర మీద ఆగే మొత్తం లేదు. నేను రాసినవన్నీ వెయ్యి, రెండు వేలు, అంతా గుండ్రటి అంకెలు. నిజమైన బిల్లులు అలా ఉండవు.

డబ్బు లెక్కలన్నీ డెసిమల్‌కి (దశాంశాల్ని ఉన్నవి ఉన్నట్టు లెక్కకట్టే రకానికి) మార్చి, అరని పైకే తోయమని స్పష్టంగా రాశాను. తరువాత నేను మొదట్లోనే చేసి ఉండాల్సిన పని చేశాను. అంతకు ముందు ఏడాది బిల్లులన్నీ పాత డేటాబేస్ నుంచి తీసి, ఒక్కోటీ కొత్త కోడ్‌తో మళ్ళీ లెక్క కట్టించి, పైసాతో సహా పోల్చే స్క్రిప్టు రాశాను. మొదటిసారి నడిపితే పదకొండు తేడాలు. తొమ్మిది ఇంకోచోట మిగిలిపోయిన రౌండు వల్ల. రెండు ఎవరో డేటాబేస్‌లో చేత్తో దిద్దినవి. వాటి సంగతి మేనేజరు గారితో చెబితే "అవి వదిలెయ్" అన్నాడు. వదిలేశాను.

మార్చే రాత్రికి ఆగస్టు చివరి మంగళవారం పెట్టుకున్నాం. శనాదివారాల రద్దీ ఉండదని. రాత్రి ఒంటిగంటకి పాతదాంట్లో రాతలు ఆపించి, చివరి డంప్ తీసి, కొత్తదాంట్లో ఎక్కించి, డొమైన్‌ని ఇటు తిప్పాను. అంతసేపూ రాత్రి డ్యూటీ కుర్రాడు మేనేజరు గారి నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఒకటీ నలభైకి లాగిన్ పేజీ వచ్చింది. అసలు లాగిన్ పేజీ ఎందుకు వచ్చింది అన్నాడు వాడు, ఏనాడూ దాన్ని చూసి ఎరగడు. పాత లాగిన్ సెషన్లు కొత్త జాంగోకి అర్థం కావు, అందర్నీ బయటికి పంపేసింది. పాస్‌వర్డు కొట్టమన్నాను.

"పాస్‌వర్డు యాడుందినా?"

ఏళ్ళ కిందట ఎవరో ఒకసారి కొట్టారు. పేజీ తెరిచిన ప్రతిసారీ గడువు పొడిగించుకునేట్టు పాత కుర్రాడు పెట్టిపోయాడు. ఇరవైనాలుగ్గంటలూ తెరిచే ఉండే కౌంటరు, గడువు ఎప్పుడూ తీరలేదు. నోటు పుస్తకం ఆఖరి పేజీలో మేనేజరు గారి చేతిరాతలో దొరికింది. కొట్టాడు. 403. సీఎస్ఆర్ఎఫ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్. అంటే, ఫారం మన సైటు నుంచే వచ్చిందా అని చూసే కాపలా ఒప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే హోసూరు నుంచి వచ్చిన వ్యాను ఆగింది. పన్నెండు మంది, ఇద్దరు చంటిపిల్లలు, ఒకాయన అప్పుడే గుండు చేయించుకున్నాడు, నాలుగు గదులు కావాలి. నేను కౌంటరు కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని నేల మీద కూర్చుని లాగ్ చూస్తున్నాను. ఫారం ఎక్కడి నుంచి వచ్చిందో జాంగో 4.0 నుంచి సరిచూస్తుంది. బ్రౌజరు హెచ్‌టీటీపీఎస్ (తాళం వేసిన కనెక్షన్) అని చెబుతోంది. ముందున్న ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ తాళం తీసి లోపలికి మామూలు హెచ్‌టీటీపీగా పంపుతోంది. రెండూ కలవలేదు కాబట్టి లోపలికి రానివ్వలేదు. పాత వెర్షన్ ఇది అడిగేదే కాదు. నా ల్యాప్‌టాప్‌లో మొదటినుంచీ రెండువైపులా హెచ్‌టీటీపీయే కాబట్టి అక్కడ కనబడే అవకాశమే లేదు. నమ్మదగిన చిరునామాల జాబితాలో మా డొమైన్‌ని ముందు హెచ్‌టీటీపీఎస్ తగిలించి రాయాలి, 4.0 నుంచి ఆ ముందు ముక్క తప్పనిసరి. ఎన్‌జింక్స్ పంపే హెడర్ చూసి అసలు బయట తాళం ఉందని జాంగో తెలుసుకునేట్టు ఇంకో లైను. రెండు లైన్లు, ఇరవై నిమిషాలు, పైన ఫ్యాను తిరుగుతున్నా నాకు చెమటలు. కుర్రాడు ఈలోగా నాలుగు గదులకీ తాళంచెవులు ఇచ్చి పుస్తకంలో రాసేసుకున్నాడు. "ఏం కాదులేనా, నిదానంగా చెయ్" అన్నాడు.

రెండున్నరకి మొదటి బిల్లు పడింది. ఐదుకి మేనేజరు గారు వచ్చి, రాత్రి పుస్తకంలోకి ఎక్కినవన్నీ తానే కంప్యూటర్లో కొట్టి, మొత్తం కూడి చూసి, టీ తెప్పించాడు. సెప్టెంబర్ బ్రహ్మోత్సవాలు కొత్తదాంతోనే గడిచాయి.

2025 సెప్టెంబర్ 22న గదుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఒక్కచోట అంకె మార్చాను. రెండున్నర శాతం చొప్పున అయితే 1,075కి 26.875 వస్తుంది, అర మీద ఆగదు. అయినా పాత బిల్లుల స్క్రిప్టు ఒకసారి నడిపాకే కౌంటరుకి ఇచ్చాను.

4.2 గడువు 2026 ఏప్రిల్‌తో సరి. కాగితం మళ్ళీ తీశాను. తరువాతి ఎల్‌టీఎస్ అయిన 5.2కి కనీసం పైథాన్ 3.10, కనీసం పోస్ట్‌గ్రెస్ 14 కావాలి. రెండూ సర్వర్లో సరిగ్గా అవే ఉన్నాయి, కాబట్టి ఈసారి జాంగో ఒక్కటే కదులుతుంది. 5.0 బ్రాంచ్‌లో నిన్న మొదటిసారి టెస్టులు నడిపితే ఒకే ఒక్కటి ఎర్రగా వచ్చింది. లాగౌట్ లింకు నొక్కితే 405 ఎర్రర్. ఇకమీదట లాగౌట్ ఊరికే లింకుగా పనిచేయదు, ఫారంగా పంపాలి. 4.1 నుంచే హెచ్చరిస్తోంది, లాగౌట్ మా లాడ్జిలో ఎవరు చేస్తారని నేనే వదిలేశాను. రాత్రి కుర్రాడికి ఫోన్ చేసి అడిగాను, నువ్వెప్పుడైనా లాగౌట్ కొట్టావా అని.

"అది యాడుంటాదినా?" అన్నాడు.